మూత తీసినప్పుడల్లా

ప్రియమైన అక్కగారి దివ్య సముఖమునకు,

తమ్ముడు అనబడే నేను సవినయంగా మనవి చేసుకోవలసిన సంగతులు రెండు. ఒకటి, ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. రెండు, మన ఇంటికి తీగ మీద వచ్చే ఇంటర్నెట్ కన్నుమూసింది. [విషాద సంగీతం.]

ఉత్తరంలో కూడా ఈ బ్రాకెట్లేమిటని తిట్టకు. చెవులు వినపడనివాళ్ల కోసం సినిమా తెర కింద 'తలుపు చప్పుడు', 'దూరంగా కుక్క అరుపు' అని రాయడమే ఉద్యోగమైనవాడి చెయ్యి ఊరికే ఉండదు.

మరణానికి కారణం రాస్తున్నాను. వీధిలో నీళ్ల గొట్టాల కోసం తవ్వుతున్నారు. తవ్విన ప్రతిసారీ మన తీగ తెగేది. తెగిన ప్రతిసారీ లైన్‌మన్ "దారిలో ఉన్నా సార్" అనేవాడు. ఆ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నువ్వు కాపలా కాసే నక్షత్రాలకే తెలియాలి. ఈలోగా నా పని ఆలస్యమై ఆఫీసులో చీవాట్లు. ఇక లాభం లేదని ఇంట్లో సభ పెట్టాను. సభ్యులు ఇద్దరు, అమ్మా నేనూ. "తీగ పీకేసి మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుందాం" అన్న తీర్మానాన్ని ప్రవేశపెట్టింది నేను, బలపరిచింది నేను, చప్పట్లు కొట్టింది కూడా నేనే. అమ్మ ఒక్కటే మాట అంది. "అది అక్క పెట్టించింది కదరా, ఒకసారి దాన్ని అడుగు." నీకు ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేలోపు నా ఉద్యోగం ఊడుతుందని చెప్పి సభ ముగించేశాను. అడగకుండా చేసినందుకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటోంది. పై వినయమంతా ఆ ముల్లు మహిమే.

మొదట నా ఫోన్‌నే హాట్‌స్పాట్ చేసి చూశాం. నాకు ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, నెట్ ఆగి, అమ్మ ఆన్‌లైన్‌లో చెప్పే అల్లికల క్లాసులో ఆడవాళ్లందరూ నోళ్లు తెరిచి బొమ్మల్లా ఉండిపోయేవారు. పైగా ఫోన్ పెనంలా కాలేది. అందుకని సిమ్ వేసుకునే పరికరం విడిగా ఒకటి కొన్నాను. సబ్బుబిళ్లంత ఉంటుంది. బుడ్డోడు అని పేరు పెట్టాను. వాణ్ణి అరచేతిలో పట్టుకుని, దేనికోసమో వెతికే దొంగలా గది గదికీ తిరిగాను. ముందు గదిలో సిగ్నల్ సగం, పడకగదిలో సున్నా, వంటింటి కిటికీలో ఉప్పు డబ్బా పక్కన మాత్రం నిండుగా. అదే వాడి సింహాసనం.

"తీగ లేకుండా నెట్టు ఎట్లా వస్తుందిరా?" అని అమ్మ అడిగింది.

"ఇందులోనే ఉంటుందమ్మా, ఫ్లాస్కులో టీ ఉన్నట్టు. ఎక్కడికి పట్టుకెళ్తే అక్కడ పోసుకోవచ్చు."

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. టవర్ల గురించి చెబుదామనే అనుకున్నాను. కానీ జోకు పేలిన సంతోషంలో అక్కడితో ఆపేశాను.

ఒక చిన్న చిక్కు ఉంది. సాయంత్రం వీధి వీధంతా ఫోన్లు పట్టుకునే వేళకి బుడ్డోడు నీరసపడిపోతాడు. అందుకని ఆ వేళకి వాణ్ణి సంచీలో వేసుకుని పార్కు పక్కనున్న స్నేహితుడి మేడ మీదికి వెళ్లి పని పంపుతున్నాను. అమ్మ క్లాసు కూడా సరిగ్గా అప్పుడే. "పర్లేదులే, వాళ్లకీ కొన్నాళ్లు సెలవు" అంది. పగలంతా దర్జీ షాపులో మిషను తొక్కి వచ్చే మనిషికి ఇన్నాళ్లకి కాస్త విశ్రాంతి దొరికింది. నా సంస్కరణల ఫలితాలు అప్పుడే కనిపిస్తున్నాయి, గమనించగలవు.

మీ అబ్జర్వేటరీవాళ్లు బంధువుల్ని లోపలికి రానిచ్చే రోజున వస్తున్నాను. అమ్మకి షాపులో సెలవు దొరకలేదు, వచ్చేసారికి అడుగుతుందట. నువ్వుల బిస్కెట్లు పంపుతుందట.

ఇట్లు,
తీగ తెంచిన పాపి,
నీ తమ్ముడు

*

ప్రియమైన కోతికి,

సరుకుల బండిలో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని నీ ఉత్తరం వచ్చింది. ఇప్పటికీ ఆ వాసనే.

తీగ పీకేశావని కోపం రాలేదంటే అబద్ధం. ఇంట్లోంచి బయల్దేరే ముందు నేను చేసిన ఆఖరి పని అదేరా. అమ్మ క్లాసు ఆగకూడదనే పెట్టించాను. నీ సినిమా కుక్కల అరుపుల కోసం కాదు. సెలవు అన్నావు, ఎన్నాళ్లు సెలవు? అమ్మ "పర్లేదు" అంటే పర్లేదని అర్థం కాదు. ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఉండి ఇంకా అది తెలుసుకోలేదా నువ్వు?

సరే, తిట్లు అయిపోయాయి. నువ్వు వచ్చే ముందు ఇక్కడి సంగతి చెప్పాలి. మా రేడియో టెలిస్కోపు డిష్ అంత పెద్దది ఎందుకంటే, ఆకాశం నుంచి వచ్చేది అంత సన్నటి సవ్వడి. పక్క గదిలో చీమ నడక వినాలని ఒకడు గోడకి చెవి ఆనించి కూర్చున్నాడనుకో. వాడి చెవిలో బూర ఊదితే ఎట్లా ఉంటుంది? ఇక్కడ ఒక ఫోన్ వెలిగితే అట్లా ఉంటుంది. అందుకే గేటు దగ్గరే అన్నీ తీసేసుకుంటారు. ఆఫీసులో ఒకే ఒక్క తీగ ఫోన్, అదీ ప్రాణం మీదికి వస్తేనే. నీతో ఈ ఉత్తరాల బాధ నాకు అందుకే.

ఇప్పుడు అసలు మాట. ఆ సవ్వడిని పట్టే పెట్టెని రిసీవర్ అంటాం. కొత్తది ఒకటి మా పెద్దాయనా నేనూ కలిసి తయారు చేశాం. నేను ఈ చోటికి వచ్చినప్పటి నుంచీ చేస్తున్న పని అదే. ప్రతి అతుకూ నా చేత్తో వేసిందే. నువ్వు వచ్చే వారంలోనే దాన్ని పరీక్షించడానికి బయటివాళ్లు వస్తున్నారు. సొంతంగా రొద చేయకుండా ఉంటే అది డిష్ మీదికి ఎక్కుతుంది, దాన్ని చూసుకోవడానికి నేనూ ఇక్కడే ఉంటాను. రొద చేసిందా, దించేసి కంపెనీ వాళ్లది బిగిస్తారు. నన్ను కాగితాల గదికి పంపుతారు.

కాబట్టి నీ బుడ్డోడు గిడ్డోడు ఎవడూ వద్దు. గేటు మామ ఏం అడిగితే అది తీసి ఇవ్వు. ఆయన మంచివాడు, మాటలకి తొందరగా పడిపోతాడు. ఆయనతో వేషాలు వేయకు.

అమ్మ బిస్కెట్ల కోసం ఇక్కడ అందరూ ఎదురు చూస్తున్నారు. నాకంటే వాటికే ఎక్కువ పలుకుబడి.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన నక్షత్రాల కాపరికి,

క్షేమంగా ఇల్లు చేరాను. బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి దారి పొడుగునా నా భుజాన్నే తలగడ చేసుకున్నాడు. ఆ భుజం ఇంకా ఆయన దగ్గరే ఉందనుకుంటాను.

నీ గది బాగుంది. ఒక మంచం, ఒక బల్ల, కిటికీ నిండా ఆ తెల్లటి పళ్లెం. ఆకాశం ఎప్పుడు భోజనం వడ్డిస్తుందా అని కూర్చున్నట్టు ఉంది. నీ రిసీవర్‌ని చూపించినప్పుడు నేను జోకు వేయలేదు, గుర్తుందా? నువ్వు దాని మూత మీద చెయ్యి పెట్టిన తీరు చూసి నోరు రాలేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నుదుటి మీద అట్లాగే పెట్టేదానివి.

గేటు మామ నీ వర్ణనకి తగ్గట్టే ఉన్నాడు. ఫోన్ ఇచ్చాను, వాచీ ఇచ్చాను. ఆయన దగ్గరున్న సిగ్నల్ పట్టే కర్రని నా చుట్టూ తిప్పాడు, అది కిక్కురుమనలేదు. చివరికి బిస్కెట్ల డబ్బా చూసి "విప్పు బాబూ" అన్నాడు. అమ్మ ఆ స్టీలు డబ్బాకి ఎట్లా తాడు కట్టిందో చూశావుగా. "మామా, ఈ ముడి మా వంశంలో ఆడపిల్లలకి తప్ప ఎవరికీ ఊడదు. మీరు విప్పితే మా అక్క పెళ్లి ఆగిపోతుంది" అన్నాను చాలా గంభీరంగా. ఆయన కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వి, "పో, పో" అని వదిలేశాడు. నువ్వు వద్దన్న వేషమే వేశాను. క్షమించు. ప్రేక్షకుడు అంత బాగా దొరికితే వదలబుద్ధి కాలేదు.

నేను మధ్యాహ్నం బండికి బయల్దేరే దాకా నువ్వు ఆ ముడి విప్పనే లేదు. సాయంత్రం టీకి అందరి మధ్యా విప్పుతానన్నావు. అందరికీ నచ్చాయా?

ఇక్కడ మాత్రం ఒక ఘోరం జరిగింది. బుడ్డోడు కనబడడం లేదు. నేను బయల్దేరిన రోజు ఉప్పు డబ్బా పక్కనే చూసినట్టు గుర్తు. ఇల్లంతా గాలించాను, మంచం కింద పాత చెప్పు ఒకటి దొరికింది గానీ వాడు లేడు. మళ్లీ నా ఫోనే పెనంలా కాలుతోంది. అమ్మని అడిగితే "ఎక్కడికి పోతుందిలే, ఉంటుంది" అంది, గిన్నెలు తోముతూ. వస్తువు పోతే పక్కవీధి దాకా వెతికే మనిషి అట్లా అనడం నాకు వింతగా ఉంది.

ఇంకో వింత. నేను వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. కింద ఇంటాయన వాళ్ల సోఫాలో కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వుకుని, బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే కప్పుకునే శాలువా కప్పుకుని, ఒళ్లో ఫోన్ పెట్టుకుని. "ఏంటమ్మా ఇక్కడ?" అంటే "ఊరికే, కాలక్షేపానికి" అంది. మర్నాడు సాయంత్రం కూడా వెళ్లింది. ఇంటావిడ టీవీ పెడితే అమ్మకి నచ్చదు కదా, మరి ఏం కాలక్షేపమో.

పరీక్ష ఎట్లా జరిగిందో వెంటనే రాయి.

ఇట్లు,
ఒక భుజం తక్కువైన
నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఏం రాయాలో తెలియలేదు.

పరీక్ష పోయింది.

నువ్వు వెళ్లిన సాయంత్రం అందరం టీ తాగుతున్నాం. పరీక్షకి వచ్చినవాళ్లు తెర ముందు కూర్చున్నారు. గీత నున్నగా, నీళ్ల మీద నూనెలా ఉంది. పెద్దాయన నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. సరిగ్గా అప్పుడే గీత మీద ముళ్లు లేచాయి. కాసేపటికి పోయాయి. మర్నాడు పొద్దున్న టీ వేళ మళ్లీ. సాయంత్రం మళ్లీ. కెటిల్ అనుకున్నాం, కెటిల్ ఆపేశాం. లైట్లు ఆర్పి చీకట్లో టీ తాగాం. ఆ తర్వాత రోజు నుంచి రాలేదు. ఎంత ఎదురు చూసినా రాలేదు.

రాకపోవడమే మరీ చెడ్డదిరా. ఎప్పుడూ ఉండే రొద ఎక్కడిదో వెతికి పట్టుకోవచ్చు. వచ్చిపోయే రొదని ఎవరూ నమ్మరు. లోపల ఎక్కడో అతుకు వదులైందన్నారు వాళ్లు. నేను మొత్తం విప్పాను. ప్రతి అతుకూ భూతద్దం కింద పెట్టి చూశాను. నాకు ఏ లోపమూ కనపడలేదు. కనపడకపోవడమూ నా తప్పులాగే ఉంది. ఈ నెలాఖరులోగా కారణం చెప్పలేకపోతే దించేస్తారు.

బయటి నుంచి ఏదైనా లోపలికి వచ్చిందా అని అడిగారు. ఆ రోజు వచ్చినవాళ్లలో మావాడు ఉన్నాడు, వాడు నోటితో వెయ్యి అల్లర్లు చేస్తాడు గానీ మాట ఇస్తే తప్పడు అని చెప్పాను. పెద్దాయన కూడా నా మాట మీద ఏమీ అనలేదు. గేటు మామ సరిగ్గా చూశానని చెప్పాడు.

నా చేతుల మీద నాకు నమ్మకం పోతోంది.

అమ్మకి ఇదంతా చెప్పకు. బాగున్నానని చెప్పు.

అక్క

*

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరానికి బ్రాకెట్లు లేవు.

తప్పు నాదే. ఆ రోజు నా చొక్కా జేబులో తీగ లేని ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. శనగగింజలంత ఉంటాయి చూడు, అవి. బస్సులో పాటలు విని జేబులో వేసుకుని మర్చిపోయాను. గేటు మామ "ఇంకేమైనా ఉన్నాయా?" అన్నప్పుడు నేను ముడి గురించి జోకు తయారు చేసుకునే పనిలో ఉన్నాను. తిరుగు బస్సులో చెయ్యి పెడితే తగిలాయి. అప్పుడే నీకు రాసి ఉండాల్సింది. ఇంత చిన్నవాటితో ఏమవుతుందిలే అనుకున్నాను. కాదు, అది కూడా పూర్తి నిజం కాదు. నువ్వు తిడతావని రాయలేదు.

నువ్వు నా తరపున అంతమంది ముందు మాట ఇచ్చావు. ఈ ఉత్తరాన్ని పరీక్షవాళ్లకి చూపించు. పేరు, చిరునామా, ఏది కావాలంటే అది రాసిస్తాను. నన్ను వచ్చి నిలబడమంటే నిలబడతాను. ఆ డిష్ ముందు గుంజీళ్లు తీయమన్నా తీస్తాను.

ఇంకో తప్పు కూడా చేశాను. చెప్పొద్దన్నావు గానీ, ఉత్తరం చదువుతున్నప్పుడు నా ముఖం చూసి అమ్మ వదల్లేదు. పైకి చదవమంది. చదివాను. అంతా విని, కాసేపు చేతిలో నూలు ఉండని నొక్కుతూ కూర్చుని, "బిస్కెట్లు అడుగు దాకా తిన్నారో లేదో అడుగు" అంది.

నేను వచ్చినప్పటి నుంచీ ఇదే పాట అక్కా. డబ్బా అయిపోయిందా, అడుగు దాకా వెళ్లారా అని. నాకు ఒళ్లు మండిపోయింది. "అక్క ఉద్యోగం పోయేట్టు ఉంటే నీకు బిస్కెట్ల గోలేంటమ్మా?" అని అరిచాను. నేను అమ్మ మీద అరవడం నువ్వెప్పుడైనా విన్నావా? అమ్మ లేచి, శాలువా తీసుకుని కిందకి వెళ్లిపోయింది, ఆ సోఫా దగ్గరికి.

అడగమంది కాబట్టి అడుగుతున్నాను. అడుగు దాకా తిన్నారా?

క్షమించమని అడిగే ముఖం లేని
నీ తమ్ముడు

*

ప్రియమైన కోతీ,

ముందుగా, నీ శనగగింజలకి ఏ పాపమూ తెలియదు. నువ్వు బండి ఎక్కి వెళ్లిపోయాక కదరా రొద మొదలైంది. నువ్వు బస్సులో, నీ ఇయర్‌ఫోన్లు నీ జేబులో, పెద్దమనిషి నీ భుజం మీద. అయినా జేబులో పెట్టుకుని వచ్చినందుకు నీ చెవి మెలిపెట్టడం బాకీ ఉంది.

నీ ఉత్తరంలో ఆ ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అడుగు దాకా తిన్నారా? తినలేదు. పరీక్ష పోయిన రోజు నుంచి ఆ డబ్బాని ఎవరూ ముట్టలేదు, టీ బల్ల కిందే ఉండిపోయింది. అమ్మ ఊరికే అడగదు. వెళ్లి మూత తీశాను. బిస్కెట్ల కింద ఒక కాగితం, దాని కింద ఇంకో వరస ఉంటుందనుకున్నాను. కాగితం ఎత్తితే, నీలం నూలుతో అల్లిన చిన్న సంచీ. గుండీ కూడా కుట్టి ఉంది. అది ఎవరి అల్లికో నాకు వేరే చెప్పాలా? సంచీలో నీ బుడ్డోడు. చల్లగా, చచ్చిపోయి.

గుండీ మళ్లీ పెట్టి, సంచీని డబ్బాలోనే ఉంచాను.

తర్వాత పెద్దాయన్ని పిలిచాను. చుట్టూ రేకులు బిగించిన గది ఒకటుంది మాకు. సంకేతం బయటికి పోనివ్వని గది. అందులో వాడికి ప్రాణం పోసి, రిసీవర్‌ని పక్కన పెట్టి, వాణ్ణి అదే డబ్బాలో పెట్టాం. మూత వేస్తే గీత నున్నగా ఉంది. మూత తీస్తే ముళ్లు. అవే ముళ్లు, అదే ఎత్తు. పెద్దాయన చిన్నపిల్లాడిలా మూత తీస్తూ వేస్తూ ఉన్నాడు. స్టీలు డబ్బాలో మూత పెట్టి ఉన్నంతసేపు వాడి గొంతు బయటికి రాలేదు. గేటు మామ కర్రకి అందుకే దొరకలేదు. మేం బిస్కెట్ కోసం మూత తీసినప్పుడల్లా వాడు కేక పెట్టాడు. బ్యాటరీ అయిపోయాక నోరు మూసుకున్నాడు.

పరీక్షవాళ్లకి అంతా చూపించాం. రిసీవర్‌లో లోపం లేదని రాసిచ్చారు. వచ్చే వారం డిష్ మీదికి ఎక్కిస్తున్నారు. నా చేతులు నా దగ్గరే ఉన్నాయిరా.

కానీ అది లోపలికి ఎట్లా వచ్చిందో కూడా రాయాల్సి వచ్చింది. నిజమే రాశాను. గేటు మామ గట్టిగా చీవాట్లు తిన్నాడు. నేను వెళ్లి క్షమాపణ చెబితే "ఆ ముడి కథ అంత బాగా చెప్పాడమ్మా" అని తలదించుకున్నాడు. ఈ ఏడాదంతా మా ఇంటివాళ్లు ఎవరూ లోపలికి రాకూడదన్నారు. అమ్మ వచ్చేసారి షాపులో సెలవు అడుగుతానంది కదా. ఆ మాటే గుర్తొస్తోంది.

అమ్మని ఏమీ అనకు. నాకు నెట్ లేదని పంపించింది, అంతే కదా? అది చేరిందనీ, నేను చాలా సంతోషించాననీ చెప్పు. మిగతాది చెప్పకు. అబద్ధం చెప్పడం నీకు కష్టం కాదుగా.

అక్క

*

ప్రియమైన అక్కా,

అబద్ధం చెప్పడం నాకు కష్టం కాదని నువ్వన్నప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను. మెట్లు ఎక్కుతూ సంభాషణ మొత్తం తయారు చేసుకున్నాను. ఎక్కడ నవ్వాలో కూడా.

వెళ్లేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది, కొత్త నూలు చిలప పక్కన పెట్టుకుని. "రా, చేతులు చాపు" అంది. చిన్నప్పుడు మనిద్దరం వంతులు వేసుకుని ఎగ్గొట్టే పని. చేతులు చాపి కూర్చున్నాను. చిలప నా రెండు చేతులకీ తొడిగి ఉండ చుట్టడం మొదలుపెట్టింది.

"ఏం అల్లుతున్నావమ్మా?"

"దాని ఛార్జరుకి సంచీ. ఈసారి ఛార్జరు కూడా పంపాలి. పాపం, అది ఆగిపోయి ఉంటుంది. అందుకే ఫోను రాలేదు."

"ఏ ఫోను?"

"వీడియో ఫోనురా. అక్క దగ్గర కంప్యూటరు ఉందిగా. అక్కడ నెట్టు అందకే చేయడం లేదనుకున్నా, చేరితే చేస్తుందని."

అప్పుడు అర్థమైంది అక్కా, ఆ సోఫా. మన ఇంట్లో ఉన్న నెట్‌ని నీకు పంపించేసి, కింద ఇంటాయన నెట్ అడిగి, తల దువ్వుకుని, మంచి శాలువా కప్పుకుని, నువ్వు తెర మీద కనపడతావని రోజూ సాయంత్రం కూర్చుంది. ఆ మనిషి మీద నేను బిస్కెట్ల గోలేంటని అరిచాను.

"నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"చెబితే పంపనిస్తావా? నీ పని ఆగుతుందని అంటావు. అయినా నువ్వేగా అన్నావు, అందులోనే ఉంటుంది, ఎక్కడికి పట్టుకెళ్తే అక్కడ పోసుకోవచ్చని."

"అది తమాషాకి అన్నానమ్మా. దానికి దగ్గర్లో టవరు ఉండాలి."

అమ్మ చుట్టడం ఆపి నా ముఖంలోకి చూసింది. "నువ్వు రోజూ సాయంత్రం సంచీలో వేసుకుని పోయేవాడివి. నువ్వు పోగానే ఇక్కడ ఆగిపోయేది, నువ్వెక్కడ ఉంటే అక్కడ పనిచేసేది. నేను చూసింది అదేగా. నీ వెంట వచ్చింది అక్క వెంట పోదని నాకెవరు చెప్పారు?"

అమ్మ అమాయకంగా ఏమీ చేయలేదు అక్కా. కళ్లతో చూసి, లెక్క వేసుకుని, సరైన లెక్కే వేసింది. లెక్కలో వేయాల్సిన ఒక్క ముక్క నేను జోకు కింద మింగేశాను. క్లాసు గురించీ అప్పుడే అడిగాను. సెలవు కాదట. రెండు వారాలు ఎదురు చూసి వాళ్లు వేరే టీచరమ్మని చూసుకున్నారట. "వాళ్లని మాత్రం ఎన్నాళ్లు ఆపుతాం, నీ పని ముఖ్యం కదా" అంది, నూలు ముడి విప్పుతూ.

బయటి చప్పుళ్లన్నీ విని రాసి జీతం తీసుకునేవాణ్ణి. నా పక్క గదిలో ఒక క్లాసు ఆగిపోతే నాకు వినపడలేదు.

నీ మాట దాటాను అక్కా, క్షమించు. మొదలుపెట్టింది నువ్వు చెప్పినట్టే. "నీ సంచీ చేరింది, అక్క చాలా సంతోషించింది" అన్నాను. అమ్మ ముఖం అట్లా విచ్చుకుంది. "చూశావా" అంది. ఇంకొక్క జోకు వేసి లేచిపోయేవాణ్ణే. చేతులు నూలులో ఉన్నాయి, లేవడానికి లేదు. ఆ ముఖం ముందు కూర్చుని వచ్చే ఏడాది దాకా ఇంకెన్ని అల్లాలి? ఛార్జరు ఎందుకు పంపకూడదో ఒక అబద్ధం, సెలవు ఎందుకు అడగొద్దో ఇంకో అబద్ధం. అంతా చెప్పేశాను. రొద, పరీక్ష, గేటు మామ, ఏడాది. "తప్పు నీది కాదమ్మా, నాది" అని కూడా.

అమ్మ చుట్టడం ఆపలేదు. నా చేతుల మీద నూలు తగ్గుతూ వచ్చింది.

"మూత తీసినప్పుడల్లా వినపడిందా దానికి?"

"దేనికమ్మా?"

"అది చేసిందే, ఆ పెట్టెకి."

"వినపడింది. గోడల అవతల నుంచి కూడా వినపడింది."

"అయితే గట్టిగానే చేసింది" అంది. కళ్లు తుడుచుకుంటూనే, ఒక రకమైన గర్వంతో. తర్వాత చాలా మెల్లగా, "దానికి రాయి. ఇకమీదట ఏమీ పంపనని" అంది.

ఆ మాట నేను రాయలేనన్నాను. ఎన్ని చప్పుళ్లయినా రాస్తాను గానీ అది రాయలేను.

మర్నాడు లైన్‌మన్‌ని పట్టుకున్నాను. ఫోన్‌లో కాదు, ఆయన ఇంటి గుమ్మంలో. దారిలో ఉన్నానని అనడానికి వీల్లేకుండా. తీగ మళ్లీ వచ్చింది, ఈసారి తవ్వకాలకి అందకుండా గోడ మీదుగా. అమ్మ పాత శిష్యురాళ్ల ఇళ్లకి నేనే ఫోన్ చేసి, టీచరమ్మ తప్పేమీ లేదని, నెట్ ఎత్తుకుపోయిన దొంగని నేనేనని చెప్పాను. ఒకావిడ మాత్రం తిరిగి వచ్చింది. అమ్మ ఆ ఒక్కావిడకే శాలువా కప్పుకుని పాఠం చెబుతోంది. ఆ వేళకి నేను వంటింట్లో చప్పుడు చేయకుండా గిన్నెలు తోముతున్నాను. బుడ్డోణ్ణి తిరిగి పంపకు. నీ రేకుల గదిలోనే ఉండనీ.

గేటు మామకి విడిగా క్షమాపణ రాశాను, జోకుల్లేకుండా. చాలా చిన్న ఉత్తరం అయింది.

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం వస్తుంది. ఛార్జరుకని తెచ్చిన నూలుతోనే అమ్మ అల్లింది. చెవులు కప్పే టోపీ. డిష్ ఎక్కేటప్పుడు అక్కడ గాలి కోస్తుందని నేను చెప్పాను. పొట్లానికి తాడు కట్టబోతూ అమ్మ ఆగిపోయింది. ముడి వేయలేదు. కాగితం ఊరికే మడిచి నా చేతికిచ్చి, "గేటు దగ్గర విప్పి చూసుకోమను. ఇందులో నెట్టు ఏమీ లేదని రాయి" అంది.

రాస్తున్నాను.

నీ తమ్ముడు